కావలివాడి శోకం

బెంగళూరు,
13 సెప్టెంబరు 2025

పద్మక్కకు దండాలు.

ఫోన్ చేయకుండా మెయిల్ పెట్టాడేమిటి వీడు అనుకోకు. ఫోన్ చేస్తే నువ్వు హాల్లో కూర్చుని మాట్లాడతావు, పక్కన పెద్దమ్మ ఉంటుంది, పెద్దబాపు "ఎవలు, ఎవలు" అని అడుగుతూనే ఉంటాడు, మహిపాల్ బావ టీవీ సౌండు తగ్గించడు. నేను గురుకులంలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకున్నట్టు రాసుకుంటేనే నాకు మాటలొస్తాయి.

మా "మట్టికోట" ఆటకు కొత్త భాగం విడుదలైంది. పేరు "చివరి కాపలా". మీ స్కూల్లో సార్లు అదేమిటని అడిగితే ఇట్లా చెప్పు: ఇల్లు అమ్మినవాడే రెండేళ్ల తర్వాత వచ్చి, పైన ఒక అంతస్తు వేసి, దానికి వేరే పైసలు అడగడం. సార్లు తిడతారు. ఆటగాళ్లలో కూడా సగం మంది తిడుతున్నారు. విమర్శకులు మాత్రం నెత్తిన పెట్టుకున్నారక్కా. పదికి తొమ్మిది కంటే తక్కువ ఎవరూ ఇవ్వలేదు. అందులోనూ మూడో అంకాన్ని పేరు పెట్టి మెచ్చుకున్నారు. అది నేను రాసిన అంకం. "ఈ ఏడాది ఏ ఆటలోనూ ఇంత నిజమైన దుఃఖం వినలేదు" అని ఒక పెద్ద పత్రిక రాస్తే, ఆ వాక్యాన్ని మా ఆఫీసు గోడకు అంటించారు. రోజూ టీకి పోతూ దాని ముందు నుంచే పోతున్నాను. వేరే దారి ఉన్నా పోవడం లేదు.

మన "ఓరుగల్లు ఆటగాళ్లు" గ్రూపులో మాత్రం పంచాయితీ మొదలైంది. పొగడ్త ఎక్కువైందని కొందరు, తక్కువైందని కొందరు. నువ్వు ఆడి చెప్పు. నాకు మౌస్ పట్టడం నేర్పింది నువ్వు, నీ మార్కే నాకు అసలు మార్కు. మూడో అంకంలో నీకొక సర్‌ప్రైజ్ ఉంది, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడు.

పెద్దబాపుకు ఆయాసం తగ్గిందా? టెస్టుల్లో ఏమన్నారు?

నీ తమ్ముడు
వినయ్


మట్టెవాడ, వరంగల్
19 సెప్టెంబరు

వినయ్,

ఆడాను. మూడో అంకం దాకా బాగానే ఆడాను. కోట గుమ్మం దగ్గర కావలివాడు చనిపోయాడు. నలుగురిలో ఒకడిగా నేను పాడె ఎత్తుకున్నాను. కోట చుట్టూ నడవాలి, పరుగెత్తడానికి లేదు, దాటేయడానికి బటన్ లేదు. వెనక అతని భార్య శోకం పెడుతూ వస్తోంది. ఆ గొంతు మా అమ్మది.

హెడ్‌ఫోన్ తీసి పారేశాను. మళ్లీ పెట్టుకునే ధైర్యం ఈ రోజు దాకా రాలేదు.

నీకు మతి ఉండే చేశావా ఈ పని? మనిషి పోకుండా మన దగ్గర ఎవరైనా శోకం పెడతారా? చిన్నప్పుడు బొమ్మ విరిగిందని నేను "అయ్యో కొడకా" అని రాగం తీస్తే, "ఎవల్ని పిలుస్తానవే" అని అమ్మ మూతి మీద కొట్టింది. నీకూ ఒకటి పడింది, మరిచిపోయావా? అటువంటి మనిషి చేత, ముప్పై ఏళ్లు పత్తి గోదాము దగ్గర కావలి కాసినవాడి పెళ్లాం చేత, కావలివాడు చచ్చిపోయాడని ఏడిపించావు. ఎప్పుడు ఏడిపించావు? ఎవర్ని అడిగి?

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. టెస్టుల్లో బాపు గుండెకు మూడు చోట్ల పూడికలున్నాయని తేలింది. బైపాస్ చేయాలన్నారు. దసరా దాటాక, అక్టోబరు ఎనిమిదిన, హనుమకొండలోనే ఆపరేషన్. వయసును బట్టి చూస్తే జర కష్టమే అని డాక్టరు నాతో ఒక్కదానితో అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచర్ని. ఇవన్నీ నమ్మను. నమ్మనని నాకు నేనే చెప్పుకుంటూ అన్నం కలుపుకుంటున్నాను, తినకుండానే లేస్తున్నాను. ఆపరేషన్ లోపల ఆ శోకాన్ని ఆటలోంచి తీసేయించు. మెచ్చుకున్నది చాలు.

అమ్మను నేనేమీ అడగలేదు, అడగను కూడా. ఇప్పటికే సగం అయిపోయి ఉంది.

పద్మ


బెంగళూరు,
22 సెప్టెంబరు

అక్కా,

బైపాస్ అని చదవగానే సెలవు అడిగాను. ఏడో తారీఖున బయల్దేరతాను.

ఇక రెండో సంగతి. తిట్టు, పడతాను. కానీ నేను దొంగతనం చేయలేదు. ఎండాకాలంలో నువ్వూ బావా వేములవాడ పోయారు చూడు, అప్పుడు వచ్చి రికార్డు చేశాను. ఆటలో కావలివాడు పోతాడు, ఏడవాలి పెద్దమ్మా అని అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు. పొద్దంతా ఆలోచించింది. పెద్దబాపుతో ఏదో మాట్లాడింది. సాయంత్రం తానే వచ్చి "పెట్టు నీ మిషిను" అన్నది. వంటింటి తలుపుకు దుప్పట్లు కట్టి రికార్డు చేశాం. అంతసేపూ పెద్దబాపు బయట కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఆయనకే లేని భయం నీకెందుకక్కా? అయిపోయాక పెద్దమ్మ ఒక్క మాట అన్నది, "పద్మకు జెప్పకు" అని. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని కాబోలు అనుకున్నాను.

తీసేయడం నా చేతిలో లేదు. విమర్శకులు మెచ్చిందే ఆ శోకాన్ని. "వాకిట్ల పందిరుండె, నోట్ల కొంగు కుక్కుకుంటి" అని పెద్దమ్మ అంటుంది కదా, ఆ ఒక్క ముక్క మీద ఒకాయన పేజీడు రాశాడు. మొగుడి శవం వెనక నడుస్తూ తన పెళ్లి పందిరిని తలచుకునే భార్య అట. నేను రాసిచ్చిన మాట కాదది, పెద్దమ్మ నోటి నుంచి దానంతట అదే వచ్చింది. మా డైరెక్టరు దాన్ని వదులుకుంటుందా?

పైగా గ్రూపులో కొత్తగా ఒకరు దిగారు. పేరు "గడప". ఆడో మగో తెలియదు. రోజూ పొద్దున్నే ఒక పోస్టు. "ఆ పత్రికల వాళ్లకు శోకంలో ఒక్క ముక్క అర్థం కాదు. కింద ఇంగ్లీషు చదివి ఏడ్చారు. పాడె మోస్తూ ఆరేడు నిమిషాలు నడవడం ఆటా? దాటేసే బటన్ లేదంటే వినేవాడి చెయ్యి కట్టేయడమే కదా?" అని రాసింది. నేను "పాడె మోసేవాడు దాటేయలేడు, అదే ఈ ఆట చెప్పేది" అని జవాబిచ్చాను. నాకు పదిమంది చప్పట్లు కొడితే గడపకు వందమంది కొట్టారు. నువ్వు ఒకసారి వచ్చి నా పక్షాన మాట్లాడు. గ్రూపులో నీ మాటకు విలువ ఉంది.

వినయ్


మట్టెవాడ
27 సెప్టెంబరు

వినయ్,

నీ పక్షాన మాట్లాడను. ఆ గడప ఎవరో గానీ న్యాయంగానే రాస్తోంది. బెల్లం చుట్టూ ఈగల్లాగా అందరూ ఆ శోకం చుట్టూ మూగారు, బెల్లం ఎవరింటిదో అడిగినవాడు లేడు. ఎంతమంది అడిగితే మీ కంపెనీ దాన్ని తీసేస్తుంది? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

నాకు కోపం ఎందుకో విను. మొన్న కింది పోర్షన్‌లో ఉండే కావ్య మెట్ల మీద కూర్చుని ఫోన్లో నీ ఆట ఆడుతోంది. సౌండు బయటికే పెట్టుకుంది. అమ్మ గునుగు పూలు, తంగేడు పూలు కొనుక్కుని వస్తోంది. మెట్ల దగ్గర ఆగిపోయింది. తన గొంతు తానే వింటూ నిలబడిపోయింది. నేను పైనుంచి చూస్తున్నాను. కావ్యకు ఏమీ తెలియదు. "అమ్మమ్మా, మస్తు ఏడుస్తాంది గదా ఈమె" అన్నది. అమ్మ పైకొచ్చి పూలు బకెట్లో పడేసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం బతుకమ్మ పేర్చలేదు. నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో బతుకమ్మ లేని సాయంత్రం అదే.

భయపడిందిరా. చేసిన పని గుర్తొచ్చి భయపడింది. బాపు వంక చూడటం లేదు. బాపు పిలిస్తే వంటింట్లోంచే జవాబిస్తోంది. ఆయనేమో పెద్ద ఫికర్ లేనట్టు పేపరు చదువుతున్నాడు.

నువ్వు ఇంకా పెద్ద పత్రిక, చిన్న పత్రిక అంటున్నావు. ఇక్కడ నాకు ఒక్కో పూట గడపడం కష్టంగా ఉంది. తీసేయించు.

పద్మ


బెంగళూరు,
4 అక్టోబరు

అక్కా,

సంతోషించు. శోకం పోయింది. ఆదివారం నుంచి ఆట తెరిచినవాళ్లందరికీ దానంతట అదే మారిపోతుంది. ఇక పాడె వెనక డప్పు మాత్రమే మోగుతుంది. దాటేసే బటన్ కూడా పెట్టారు. గోడ మీద కాగితం నేనే చింపేశాను.

ఇదంతా గడప గెలుపు. నిన్నటి దాకా నిడివి, ధర, బటన్ అంటూ కొట్టుకుంటే మావాళ్లు లెక్కపెట్టలేదు. నిన్న పెట్టిన పోస్టుతో అంతా తలకిందులైంది. "భర్త బతికున్న ముత్తయిదువ చేత శోకం పెట్టించారు. మన దగ్గర ఇదెంత అపచారమో ఆ కంపెనీకి తెలుసా? దీన్నా మీరు పొగిడేది?" అని రాసింది. నిన్నటి దాకా నన్ను మెచ్చుకున్నవాళ్లు కూడా ఛీ అన్నారు. మా డైరెక్టరు నన్ను పిలిచి నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. అక్కడితో అయిపోయింది.

నా సీట్లోకొచ్చి కూర్చున్నాక తెలివొచ్చింది. ఆటలో పెద్దమ్మ పేరు కూడా లేదక్కా. చివర్లో "గొంతు: వరంగల్ నుంచి ఒక పెద్దమ్మ" అని వేశాం, అంతే. విన్నవాళ్లంతా ఎవరో నటి అనుకుంటున్నారు. ఆమె భర్త బతికున్నాడని తెలిసినవాళ్లు నువ్వు, నేను, ఆ ఇల్లు. మహిపాల్ బావకు గ్రూపంటే ఏమిటో తెలియదు.

నాతో ఒక్క మాట అనకుండా, పక్కనుంచి ఊరంతటినీ నా మీదికి ఎగదోశావు. నా పక్షాన మాట్లాడమని నిన్నే బతిమాలాను చూడు, దానికి నవ్వుకుని ఉంటావు.

ఏడో తారీఖున బయల్దేరి వస్తాను. నీ కోసం కాదు, పెద్దబాపు కోసం.

వినయ్


హనుమకొండ, దవాఖాన నుంచి
6 అక్టోబరు, మధ్యాహ్నం

తమ్ముడూ,

గడప నేనే. నవ్వుకోలేదురా. ఒక్కో పోస్టు పెట్టి, ఇవాళ తీసేస్తారేమో అని పొద్దంతా ఎదురుచూసేదాన్ని. కంపెనీకి భయపడాలని ఆ ముత్తయిదువ మాట రాశాను, నా గుట్టు బయటపడుతుందని తోచలేదు. నువ్వు నన్ను ఎన్నన్నా పడతాను. కానీ ముందు ఇది చదువు.

బాపును నిన్న చేర్పించాం. ఇవాళ పొద్దున అమ్మా నేనూ మంచం పక్కన ఉండగా, "పిలగాని ఆటల మీ అమ్మ ఏడ్సిందట గదా, జర వినిపియ్యి" అన్నాడు.  ఇప్పుడెందుకు బాపూ అన్నాను. అమ్మ నా వైపు చూసి, "దానికి చెప్పు, ఇగ దాపెట్టుడెందుకు" అన్నది బాపుతో. అప్పుడు చెప్పాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

"మీ సారయ్య మామ భివండీల పోయిన కబురు నీ లగ్గం పొద్దున్నే వచ్చింది. నేను ఎవలకు చెప్పలే. నిన్ను సాగనంపినంక మీ అమ్మకు చెప్పిన. చెప్పి, నోరు మూపిచ్చిన. పసుపు బట్టలు ఆరలే, పందిరి విప్పలే, ఇంట్ల శోకం వెడ్తే బిడ్డ సంసారానికి మంచిగుండది అన్న. శవం గూడ రాలే, ఆడనే కాలవెట్టిండ్రు. ఇది పందిరి కింద కొంగు నోట్ల కుక్కుకొని కూసున్నది. ఒక్కగానొక్క అన్న. ఎండకాలం పిలగాడు వచ్చి అడిగితే, నేనే చెప్పిన, గీ వంకన మీ అన్నకు ఏడువు పో అని."

నీకు గుర్తుందో లేదో, సారయ్య మామ పోయిన సంగతి నాకు పదహారు రోజుల పండుగ అయ్యాకే తెలిసింది. అమ్మ ఎందుకు ఏడవలేదని నేను ఏనాడూ అడగలేదు. పుట్టింటి వాళ్ల మీద ఆమెకు అంత ప్రేమ లేదేమో అని కూడా అనుకున్నాను. మొన్న మెట్ల దగ్గర ఆమె భయపడిందని నీకు రాశాను కదా. ఆమె అన్న గుర్తొచ్చాడు, అంతే. బాపు వంక చూడకపోవడానికి కారణం నేను. దేవుడా, శోకం సంగతి నాకు తెలిసిపోతుందేమో, నా పెళ్లి పేరు చెప్పుకుని నేను బాధపడతానేమో అని ఇద్దరూ జాగ్రత్త పడుతున్నారు.

ఆ పందిరి నాది. నా కోసం పన్నెండేళ్లు మింగిన ఏడుపును నేనే మందిని పోగేసి తీయించాను.

ఇంకా మారకుండా ఉందేమో అన్న ఆశతో ఫోన్ తెరిచి ఆట పెట్టాను. డప్పు మోగింది. "ఏదీ?" అన్నాడు బాపు. నెట్ లేదని అబద్ధమాడాను. నీ దగ్గర అసలు రికార్డు ఉంటే పంపు. ఎల్లుండి పొద్దున ఆయనను లోపలికి తీసుకుపోతారు.

అక్క


బెంగళూరు,
6 అక్టోబరు, సాయంత్రం

అక్కా,

పంపుతున్నాను. కానీ రికార్డు ఒక్కటే వింటే చాలదు, నేను చెప్పేది కూడా విను.

ఇది ఆటలో ఉన్న శోకం కాదు, మొత్తం. ఇందులో పెద్దమ్మ "అన్నా, ఓ అన్నా" అని పిలుస్తుంది. ఒకసారి కాదు, ప్రతి రెండు మాటలకోసారి. ఆ రోజే విన్నాను. పోయింది మొగుడని మొత్తుకుని చెప్పినా పెద్దమ్మ మరిచిపోతోంది, పాపం చదువు లేదు కదా అనుకున్నాను. పెద్దమ్మను ఇబ్బంది పెట్టడం ఎందుకని, ఆఫీసుకొచ్చాక "అన్నా" అన్న చోటల్లా కత్తిరించి, మిగిలింది అతికాను. అతుకు తెలియకుండా రెండు వారాలు పనిచేశాను. బాగా అతికానని నన్ను మెచ్చుకున్నారు కూడా.

నువ్వు శోకాన్ని తీయించావు. నేను ముందే సారయ్య మామను తీసేశాను. నీ మీద కోపం తెచ్చుకునే మొహం నాకు లేదు.

రేపు బండెక్కుతున్నాను. నేను వచ్చేదాకా ఆగకండి, పెద్దబాపు అడిగినప్పుడే వినిపించండి.

వినయ్


హనుమకొండ
8 అక్టోబరు, సాయంత్రం

వినయ్,

నీ రైలు ఎక్కడో నిలిచిపోయిందని మెసేజ్ చూశాను. నువ్వు వచ్చేసరికి చెప్పే ఓపిక నాకు ఉండదు, అందుకే ఇక్కడ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. బండిలో చదువుకో.

ఇవాళ తెల్లారి, బాపుకు ఛాతీ నుంచి కాళ్ల దాకా షేవింగ్ చేసి ఆకుపచ్చ గౌను వేశాక, ముగ్గురం విన్నాం. ఫోన్‌ను దిండు మీద పెట్టాను. బాపు కళ్లు మూసుకున్నాడు. అమ్మ ఎవరి ఏడుపో వింటున్నట్టు విన్నది, మధ్యలో ఒక చోట తల ఊపింది. అయిపోయాక బాపు "మంచిగ ఏడ్సినవ్" అన్నాడు. ఆ మాట నీ పత్రికలేవీ అనలేదు.

స్ట్రెచర్ పోయాక బయట కూర్చున్నాం. అమ్మకు అంతా చెప్పాను, గడప సంగతి, నువ్వు కత్తిరించిన సంగతి, లక్షల మంది విన్న సంగతి. లక్షల మంది అనేసరికి కంగారుపడింది. "విన్నోళ్లందరు తానం జేసిండ్రా?" అని అడిగింది. శోకం విన్నవాళ్లు స్నానం చేయకుండా ఇంట్లోకి పోకూడదు కదా. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆటలోంచి తీసేశారే అమ్మా, నా వల్లనే అన్నాను. "తీస్తే తియ్యనియ్యి, నేను ఏడ్సుడైతే అయింది" అన్నది.

నా మార్కు అడిగావు కదా. ఆట మొత్తం మీద మంచిదే, పాడె మోయడం కూడా మంచిదే. కానీ వాళ్లు పొగిడింది భార్య దుఃఖాన్ని, అందులో భార్య లేదు. ఇది నా పేరుతోనే గ్రూపులో రాస్తాను. గడప మాట నమ్మినవాళ్లు నా మాట నమ్మకపోవచ్చు.

ఎండ నడినెత్తికి వచ్చింది. లోపల నుంచి ఎవరూ రాలేదు. వేరేవాళ్లను పిలుస్తున్నారు, మమ్మల్ని పిలవడం లేదు. అప్పుడు ఇన్నాళ్ల భయం నోట్లోంచి ఊడిపడింది. "అమ్మా, బాపుకు ఏమన్నయితే... నువ్వు ముందే ఏడ్చినందుకే అనుకుంటనేమో నేను" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తిట్టలేదు.

"గది మా అన్న ఏడుపు బిడ్డా. మీ బాపుకు ఏడ్సేది గట్లుండది. గదెట్లుంటదో నాకింక తెల్వది. తెల్వద్దు."

మూడింటికి డాక్టరు బయటికొచ్చి, ఆపరేషన్ మంచిగా అయింది, సాయంత్రం చూడొచ్చు అన్నాడు. నేను దండం పెట్టాను. అమ్మ కుర్చీలోంచి నేల మీదికి జారి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎవరినీ పిలవలేదు. రాగం లేదు, ఒక్క మాట లేదు.

అక్క